పాపికొండలు చూసొద్దాం

సినిమాలో పాట మొదలవుతుంది. హీరో, హీరోయిన్ మంచు కొండల మధ్య ఆడుతూ పాడుతూ ఉంటారు. చుట్టూ పచ్చిక. మెడలో గంటలు కట్టిన ఆవులు. కింద నీలంగా పెద్ద చెరువు. ఇది ఏ ఊరబ్బా అని మీరు ఎప్పుడైనా అనుకున్నారా?

అలాంటి పాటలు చాలా స్విట్జర్లాండ్‌లో తీశారు. అది యూరప్ ఖండంలో ఒక చిన్న దేశం. అక్కడి జనం సుమారు 90 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో మన పాత తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి జిల్లాలు రెండూ కలిపితే ఇంచుమించు అంతే జనం. ఆ దేశానికి సముద్రం లేదు. కొండలు ఉన్నాయి, మంచు ఉంది, చెరువులు ఉన్నాయి. వాటిని చూడడానికి అన్ని దేశాల వాళ్ళూ వస్తారు. వచ్చిన వాళ్ళ కోసం కొండ లోపల సొరంగం తొలిచి, 3,454 మీటర్ల ఎత్తుకి రైలు వేశారు. ఆ రైలు 1912 నుంచి నడుస్తోంది. చెరువుల్లో లాంచీలు తిరుగుతాయి. హోటలు వాళ్ళకి, బళ్ళు తోలే వాళ్ళకి, దారి చూపించే వాళ్ళకి అందరికీ పని.

ఇంకో మాట కూడా చెప్పాలి. అంత గొప్ప దేశంలో ఆడవాళ్ళకి దేశం ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో! మన అమ్మమ్మలు 1952 నాటికే ఓటు వేశారు. ఈ సంగతి మా కేంద్రంలో చెబితే ఒక పెద్దావిడ పలక పక్కన పెట్టి, "అయితే ఆళ్ళ కంటే మనమే ముందన్నమాట" అంది. అందరూ నవ్వారు.

"అది సరే టీచరుగారూ, ఆ కొండలు మనం ఎప్పుడు చూత్తామండీ?" అని ఇంకో అక్క అడిగింది.

విమానం ఎక్కే సంగతి నేను చెప్పలేను. కానీ పొద్దున్నే రాజమండ్రిలో బయలుదేరి, రాత్రికి ఇంటికి వచ్చేసే కొండలు మనకీ ఉన్నాయి. అవే పాపికొండలు.

మనది డెల్టా. నేల చాపలా పరిచినట్టు ఉంటుంది. కొబ్బరి చెట్టు ఎక్కితే తప్ప ఎత్తు ఎరగం. మన కాలవలో పారే నీరు ఎక్కడిది? ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చింది. ఆ ఆనకట్టను కాటన్ దొర 1852 నాటికి కట్టించాడు. మరి ధవళేశ్వరానికి ఎక్కడి నుంచి వచ్చింది? గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఆ నీరంతా పాపికొండల సందులోంచే రావాలి. వేరే దారి లేదు. మన వరిచేను తాగే నీళ్ళు ఆ కొండలను ఒరుసుకుని వచ్చినవే.

పాపిడి అంటే మనకు తెలుసు. తల దువ్వి, జుట్టు రెండు పాయలు చేసి, మధ్యన గీత తీస్తాం. అక్కడ కొండలు అటు, ఇటు. మధ్యన గోదావరి పాపిడిలా ఉంటుంది. అందుకే పాపిడి కొండలు అన్నారనీ, అదే పాపికొండలు అయిందనీ చెబుతారు. ఈ పేరు పెట్టింది ఎవరో ఆడమనిషే అయ్యుంటుందని నా అనుమానం.

ఎలా వెళ్ళాలి?

పూర్వం రాజమండ్రి రేవులోనే లాంచీ ఎక్కేవారు. భద్రాచలం దాకా అది వెళ్ళేది. 1973లో వచ్చిన "అందాల రాముడు" సినిమా నిండా ఆ ప్రయాణమే. ఏటి ఒడ్డు ఊళ్ళకి లాంచీయే బస్సు. కోళ్ళ గంపలు, ఉప్పు బస్తాలు, చుట్టాలు, ఉత్తరాలు అన్నీ అందులోనే.

ఇప్పుడు అలా కుదరదు. పోలవరం దగ్గర గోదావరికి అడ్డంగా ప్రాజెక్టు కడుతున్నారు. 2021 జూన్ 11న నదిని పక్కకు మళ్ళించి, 48 గేట్లున్న స్పిల్‌వే గుండా వదిలారు. కింది లాంచీ పైకి పోలేదు. అందుకని ప్రాజెక్టుకి ఎగువన, గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కుతారు. రాజమండ్రి నుంచి అక్కడికి బస్సులోనో వ్యానులోనో వెళ్ళాలి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్ళు పోచవరం దగ్గర ఎక్కుతారు.

ముందు అమ్మవారికి దండం పెట్టుకుంటారు. పెద్ద వరద వస్తే ఆ గుడి కూడా మునుగుతుంది. తర్వాత బోటు కదులుతుంది. మొదట గోదావరి వెడల్పుగా ఉంటుంది. కొండలు దూరంగా, నీలంగా కనబడతాయి. మాటల్లో పడి మనం చూడం గానీ, మెల్లగా అవి దగ్గరికి జరుగుతాయి. నీలం పోయి పచ్చన అవుతుంది. చెట్లు విడివిడిగా తెలుస్తాయి. వెదురు పొదలు, టేకు, చింత. ఎదురుగా కొండ అడ్డం వచ్చి, ఇంక దారి లేదు అనిపిస్తుంది. అంతలో బోటు మలుపు తిరుగుతుంది. దారి తెరుచుకుంటుంది. మళ్ళీ ఇంకో కొండ, ఇంకో మలుపు. ఎండాకాలంలో కూడా అక్కడ గాలి చల్లగా తగులుతుంది.

రాజమండ్రిలో వంతెన మీద నుంచి చూస్తే అవతలి గట్టు సన్నని గీతలా ఉంటుంది. అంత గోదావరి ఇక్కడ ఇరుకు సందులో దూరుతుంది. దేవుడి గుళ్ళో జనం ఆవరణలో వదులుగా నిలబడతారు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒకరి మీద ఒకరు పడతారు కదా? నీరూ అంతే. పక్కకు చోటు లేక లోతుకు దిగుతుంది. వేగం పెరుగుతుంది. కొండ రాయి తగిలి తిరగబడుతుంది. అదే సుడి. పైకి నీరు నున్నగా, అద్దంలా కనబడినా లోపల లాగుతూ ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో మనకు పని ఉంది.

పేరంటాలపల్లి

బోటు ఆగే చోటు పేరంటాలపల్లి. రేవు దిగి మెట్లు ఎక్కితే ఆశ్రమం, శివాలయం. సుమారు వందేళ్ళ కిందట బాలానందస్వామి అనే ఆయన అక్కడ ఉండి కట్టించారు. రామకృష్ణ మునివాటం అంటారు. పక్కనే కొండ మీంచి సెలయేరు దిగుతుంది. ఆ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. రోజంతా మిల్లు మోతలో, బస్సు హారన్లలో ఉండే మనకి అదొక వింత.

అక్కడి వాళ్ళు కొండరెడ్లు. పేరులో రెడ్డి ఉన్నా మన మైదానం రెడ్లు కారు. గిరిజనులు. కొండవాలులో పోడు చేస్తారు. జొన్న, సామ వంటివి పండిస్తారు. అడవిలో చింతపండు, తేనె, అడ్డాకులు సేకరిస్తారు. జీలుగు కల్లు గీస్తారు. కరువు రోజుల్లో మామిడి టెంకలోని జీడిని నానబెట్టి, చేదు పోగొట్టి, పిండి చేసి జావ కాచుకుంటారు. మనం పారేసే టెంక వాళ్ళకి తిండి గింజ. ఇక వెదురు పని చూడాల్సిందే. వెదురు పేళ్ళను చీల్చి పూలు చేస్తారు. రేవు దగ్గర ఆడవాళ్ళు అవి పెట్టుకుని కూర్చుంటారు.

ఇక్కడ ఒక్క మాట. రేవులో దిగిన వాళ్ళు నూట యాభై చెప్పిన పువ్వును యాభైకి అడుగుతారు. బోటు టికెట్టుకి మాత్రం బేరం ఆడరు! బుట్ట అల్లితే చేతికి పేళ్ళు ఎలా గుచ్చుకుంటాయో మనలో కొందరికి తెలుసు. కొబ్బరి పీచు పని చేసే అక్కలకి ఇంకా బాగా తెలుసు. కొనాలనిపిస్తే ధర ఇచ్చి కొనుక్కుందాం. వాళ్ళని అడగకుండా వాళ్ళ ఇళ్ళలోకి తొంగి చూసి ఫోటోలు తీయడం కూడా బాగుండదు. మన గుమ్మం ముందు ఎవరో వచ్చి అలా తీస్తే ఊరుకుంటామా?

ఈ గట్ల మీద ఊళ్ళు ఇప్పుడు చాలా వరకు ఖాళీ అవుతున్నాయి. పోలవరం నిండితే ముంపులోకి వచ్చే కుటుంబాలు లక్షకు పైనే. అందులో గిరిజనులు చాలా మంది. 2019 నుంచి వరద వచ్చినప్పుడల్లా నీరు వెనక్కి తన్ని దేవీపట్నం మండలంలో ఊళ్ళు మునిగాయి. ఇళ్ళు వదిలి కాలనీలకు వెళ్ళారు. కాలనీలో సిమెంటు ఇల్లు ఉంది. అడవి లేదు, ఏరు లేదు, పోడు లేదు. బోటులో పోతుంటే గట్టు మీద మొండి గోడలు కనబడతాయి. "ఇక్కడ ఊరు ఉండేది" అని సరంగు చెబుతాడు. ఆ నీరు మన పొలాలకీ వస్తుంది, విశాఖపట్నానికీ వెళుతుంది అంటారు. సంతోషమే. అయితే ఆ నీటికి ముందుగా ధర కట్టింది ఎవరో కూడా మనకి తెలిసి ఉండాలి.

2019 సెప్టెంబరు 15

ఆ రోజు ఆదివారం. గోదావరికి సుమారు ఐదు లక్షల క్యూసెక్కుల వరద. క్యూసెక్కు అంటే ఏమిటి? సెకనుకు 28 లీటర్ల నీరు. అంటే మన పెద్ద బిందెలు రెండు. ఐదు లక్షల క్యూసెక్కులంటే, కన్ను మూసి తెరిచేలోగా పది లక్షల బిందెల నీరు మీ ముందు నుంచి పోయినట్టు. అంత వరదలో "రాయల్ వశిష్ఠ" అనే బోటు పాపికొండలకు బయలుదేరింది. కచ్చులూరు దగ్గర సుడిలో చిక్కుకుని మునిగిపోయింది.

బోటులో 77 మంది ఉన్నారు. 26 మంది బతికారు. 51 మంది ఇంటికి రాలేదు. బతికిన వాళ్ళని ముందుగా కాపాడింది ఎవరో తెలుసా? కచ్చులూరు వాళ్ళే. కేకలు విని తమ పడవలు వేసుకుని వెళ్ళి, నీళ్ళలో తేలుతున్న వాళ్ళని ఒడ్డుకు చేర్చారు. బోటు చాలా లోతుకు వెళ్ళిపోయింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం కష్టపడి అక్టోబరు 22న దాన్ని పైకి లాగింది. అప్పటికి 38 రోజులైంది.

అంతకు ముందు ఏడాది, 2018 మే 15న, దేవీపట్నం వైపే ఇంకో లాంచీ మునిగింది. అది విహారానికి వెళ్ళిన వాళ్ళది కాదు. ఊళ్ళవాళ్ళు పనులు చూసుకుని ఇళ్ళకి వెళుతున్నారు. గాలివాన వచ్చింది. లోపలికి జల్లు కొడుతోందని తలుపులు మూశారు. లాంచీ ఒరిగేసరికి లోపలి వాళ్ళు బయటికి రాలేకపోయారు.

2019 తర్వాత చాలా కాలం బోట్లు ఆపేశారు. 2021లో మళ్ళీ వదిలారు. బోట్లు బయలుదేరే చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. అయినా ఎక్కేది మనం. మన కళ్ళు మనకి ఉండాలి. ఇప్పుడు ఆ కళ్ళకి అక్షరాలు కూడా వచ్చాయి.

ఎక్కే ముందు

మొదట కాలం చూడాలి. వానాకాలంలో, వరద రోజుల్లో ఈ ప్రయాణం వద్దు. నవంబరు నుంచి ఎండాకాలం దాకా మంచిది. వరద సంగతి పేపర్లో వస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు అయితే మొదటి హెచ్చరిక. 13.75 అయితే రెండవది. 17.75 అయితే మూడవది. భద్రాచలం దగ్గర లెక్క వేరు. అక్కడ 43, 48, 53 అడుగులు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఈ అంకెలు చదవడం వస్తే గోదావరి ఎంత ఉందో పక్కింటి వాళ్ళని అడగక్కర్లేదు.

రేవుకి వెళ్ళాక పేర్లు రాసుకుంటారు. పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు. చంటిపిల్ల పేరు కూడా రాయించండి. "పిల్లదేగా, లెక్కలోకి రాదు" అంటే ఒప్పుకోవద్దు. వీలైతే మీ పేరు మీరే రాయండి. వేలిముద్ర వేసే రోజులు పోయాయి కదా.

తర్వాత లైఫ్ జాకెట్. లోపల తేలే దిమ్మలు పెట్టి కుట్టిన చొక్కా అది. ఈత రాని మనిషిని కూడా ముఖం పైకి ఉండేలా నీళ్ళ మీద తేలుస్తుంది. అయితే తాళ్ళు బిగించి కట్టాలి. ఊరికే భుజాన వేసుకుంటే నీళ్ళలో పడగానే అది పైకి జారిపోతుంది, మనిషి కిందకి జారిపోతుంది. మా కేంద్రంలో ఒక రోజు ఒక జాకెట్ తెచ్చి చూపించాను. అప్పుడు జరిగిన మాటలు ఇవి.

"చీర మీద ఇదెలాగండీ? పవిట నలిగిపోద్ది."

"పవిట ముందుకు లాగి నడుములో దోపుకోండి పిన్నిగారూ. దాని మీద తొడగండి."

"ఉక్కపోతగా ఉంటదేమో?"

"ఉంటుంది. చెమట పడితే తుడుచుకోవచ్చు."

"మరి ఫోటోలో బాగోదు కదండీ!" అని ఒక కొత్త కోడలు అంది.

దానికి వాళ్ళ అత్తగారే జవాబు చెప్పింది. "ఫోటో ఇంటికెళ్ళి చూసుకోవాలంటే ముందు నువ్వు ఇంటికి రావాలి కదే!"

అన్నం తినేటప్పుడు కూడా జాకెట్ విప్పకండి. పిల్లలకి పిల్లల సైజు అడగండి. పెద్దవాళ్ళది వేస్తే చేతుల్లోంచి జారిపోతారు. "ఇంత మందికి లేవమ్మా, సర్దుకోండి" అని ఎవరైనా అంటే దిగిపోండి. డబ్బు కట్టేశాం కదా అని మొగమాటపడొద్దు. ఆడవాళ్ళు గట్టిగా అడిగితే ఏం బాగుంటుంది అని మగవాళ్ళు కళ్ళెర్రజేసినా సరే.

కూర్చునే చోటు నుంచి బయటికి దారి ఎక్కడ ఉందో చూసుకోండి. కింద గదిలో కిటికీలన్నీ మూసి ఉంటే తెరవమనండి. పాపికొండలు రాగానే అందరూ ఒకే వైపుకి పరిగెత్తుతారు. కావడిలో ఒక పక్క బిందె తీసేస్తే ఏమవుతుంది? బోటు కూడా అలాగే ఒరుగుతుంది. కొండలు రెండు వైపులా ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఒక వైపు, వచ్చేటప్పుడు ఒక వైపు చూడొచ్చు.

నీళ్ళంటే మరీ భయం ఉన్నవాళ్ళు రోడ్డు మీద రంపచోడవరం, మారేడుమిల్లి వెళ్ళవచ్చు. అక్కడా కొండలే. రంప దగ్గర జలపాతం ఉంది. మారేడుమిల్లిలో బొంగులో కోడికూర వండుతారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. మాంసం ముట్టని వాళ్ళు దారి పొడవునా అడవి చూసుకుంటూ వెళ్ళవచ్చు.

ఒక్కరే వెళ్ళడం ఖర్చు. పొదుపు సంఘంలో పది మంది కలిస్తే వ్యాను కిరాయి తేలిక అవుతుంది. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే కట్టుకోండి. తిన్నాక ఆకులు, ప్లాస్టిక్ సంచులు గోదాట్లో పడేయకండి. అవి కొట్టుకుని మన కాలవకే వస్తాయి.

కొత్త మాటలు

సరంగు: లాంచీ నడిపే మనిషి.
ఎగువ: నీరు వచ్చే వైపు. దిగువ: నీరు పోయే వైపు.
గడువు: ఇంత వరకు అని పెట్టిన రోజు.
ముంపు: నీట మునగడం.

ఈ బోర్డు చదవండి

(ఇది పాఠం కోసం నేను రాసిన బోర్డు. బోటుకి ఇలాంటిది ఉందేమో చూడండి.)

ప్రయాణికులు: 60
సిబ్బంది: 5
లైఫ్ జాకెట్లు: 50
లైసెన్సు గడువు: డిసెంబరు 31 వరకు

జవాబులు రాయండి

1. ఈ బోటులో మొత్తం ఎంత మంది ఉండవచ్చు?
2. జాకెట్లు అందరికీ సరిపోతాయా? ఎన్ని తక్కువ?
3. మీరు సంక్రాంతి వెళ్ళాక జనవరి 20న రేవుకి వెళ్ళారు. బోర్డు మీద ఇదే తేదీ ఉంది. బోటు వాళ్ళని ఏమని అడుగుతారు? ఆ మాటలు రాయండి.
4. నిన్న ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 12 అడుగులు అని పేపర్లో వచ్చింది. అది ఎన్నవ హెచ్చరిక దాటినట్టు?
5. మీ చేలోకి నీరు వచ్చే కాలవ పేరు రాయండి. అక్కడి నుంచి ఎగువకు వెళుతూ, పాపికొండల దాకా మీకు తెలిసిన ఊళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి రాయండి.